రాని ఫలితాలు రాయమన్న పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరిశోధక విద్యార్థుల పోటీ నిర్వాహక సంఘం పెద్దలకు, సారాంశాలను పరిశీలించిన ఆచార్యులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఇలాంటి పోటీ ఒకటి ఉండాలని కోరుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం. మీరు పూనుకున్నందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాం.

మేము పదకొండు మందిమి. నాలుగు విభాగాలవాళ్లం. కొందరిది ఎమ్మెస్సీ చివరి ఏడు, మిగతావాళ్లది పీహెచ్‌డీ. అందరం మీ పోటీకి పరిశోధన సారాంశాలు, అంటే చేసిన పనిని ఒక్క పేరాలో చెప్పే రాతలు, పంపాం. ముగ్గురివి పోస్టర్ దశకు ఎంపికయ్యాయి, ఎనిమిది మందివి కాలేదు. ఎంపికైన ముగ్గురూ ఈ లేఖ కింద సంతకం చేశారు. ఓడినవాళ్ల ఏడుపు అని దీన్ని పక్కన పడేయడం సులువు కాబట్టి ఆ మాట ముందే చెబుతున్నాం.

ఫలితాలు వచ్చిన నాలుగో రోజున మీకు మొదటి ఈమెయిల్ పంపాం. మీ సందేశం అందింది అని యంత్రం జవాబిచ్చింది. రెండో ఈమెయిల్‌కు యంత్రం కూడా పలకలేదు. తర్వాత మేమే వచ్చి వినతిపత్రం ఇచ్చి, ఇన్‌వార్డులో ముద్ర వేయించుకున్నాం. రెండు వారాలు ఆగి వస్తే ఫైలు సార్ టేబుల్ మీద ఉందన్నారు. ఆ పై వారం సార్ ఊళ్లో లేరన్నారు. ముద్ర వేసిన ప్రతి మా దగ్గర భద్రంగా ఉంది. జవాబు ఇప్పటికీ రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాం.

ఒక పేరా కోసం ఇంత రాద్ధాంతమా అని బయటివారికి అనిపించవచ్చు. ఆ పేరా సంగతి కొంచెం చెప్పాలి. శాస్త్ర సమావేశాల్లో సమర్పించిన సారాంశాల్లో ఎన్ని చివరికి పూర్తి వ్యాసాలుగా అచ్చయ్యాయో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థవారు లెక్కగట్టి 2018లో ప్రచురించారు. మూడు లక్షలకు పైగా సారాంశాలు చూస్తే, వ్యాసాలుగా తేలినవి నూటికి 37 మాత్రమే. మిగతా పనుల గురించి లోకానికి మిగిలే జాడ ఆ ఒక్క పేరాయే. అందులో తప్పు పడితే దిద్దడానికి వెనుక ఇంకో కాగితం ఉండదు. మా ఫిర్యాదులు ఇవి.

1. 'గ్రాడ్యుయేట్' అంటే ఎవరు?

మీ ప్రకటన గ్రాడ్యుయేట్ విద్యార్థుల పోటీ అంది. అమెరికాలో ఆ మాటకు డిగ్రీ అయ్యాక పైచదువు చదువుతున్నవారని అర్థం. మన దగ్గర గ్రాడ్యుయేట్ అంటే పట్టభద్రుడు, వాడుకలో డిగ్రీ చదువు. ఆ మాట నమ్మి డిగ్రీ మూడో ఏడాది పిల్లలు రుసుము కట్టి పంపితే అనర్హులన్నారు. ఎమ్మెస్సీవాళ్లు చాలామంది ఇది మనకు కాదనుకుని ఊరుకున్నారు. 'పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు' అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

2. మాటల లెక్క, మాయమైన అక్షరం

నోటీసులో 300 మాటలు అని ఉంది. పోర్టల్‌లో 250 అని ఉంది. తీరా పెట్టెలో అతికిస్తే అది మాటలను కాక అక్షరాలను లెక్కపెడుతోంది, 1,500 దగ్గర ఆగిపోతోంది. ఇంగ్లిషులో 300 మాటలు రాస్తే ఖాళీలతో కలిపి 2,000 అక్షరాల దాకా అవుతాయి. శాస్త్ర పరిభాష అయితే ఇంకా ఎక్కువ. సారాంశంలో ఫలితం ఉండేది చివరి వాక్యాల్లోనే. పోర్టల్ కత్తిరించింది కూడా వాటినే. మాలో ఇద్దరి సారాంశాలు మాట మధ్యలో తెగిపోయి మీ దగ్గరికి చేరాయి. పంపాక చూసుకునే వీలు లేదు, దిద్దుకునే వీలు లేదు. సారాంశానికి ఎన్ని మాటలు ఉండాలన్నది కొత్తగా తేల్చవలసిన విషయం కూడా కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1976లోనే ఐఎస్‌ఓ 214లో చెప్పింది: మామూలు వ్యాసానికి 250 మాటల లోపు, సిద్ధాంత గ్రంథం వంటి పెద్ద పనికి 500 లోపు. ఏదో ఒకటి ఎంచుకుని దానిమీద నిలబడమని మా మనవి.

తెగిపోవడం కన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి జరిగింది. ఇది ఎంపికైన ముగ్గురిలో ఒకరి కథ. మా మిత్రురాలు నగర శివారులోని ఒక కాలనీలో బోరు నీళ్లలో సీసం ఎంత ఉందో కొలిచారు. లీటరుకు 4 మైక్రోగ్రాములు వచ్చింది. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే, సీసం వరకు చూస్తే, ఆ నీళ్లకు భయం లేదు. ఆమె రాసింది అదే. మీ సారాంశాల సంచికలో మైక్రోను సూచించే గ్రీకు అక్షరం 'మ్యూ' ఎగిరిపోయి, దాని చోట ఇంగ్లిషు 'ఎం' అచ్చయింది. ఫాంటు మారినప్పుడు ఇలా జరగడం డీటీపీ చేసే ఎవరికైనా తెలిసిన సంగతే. మైక్రోగ్రాము కాస్తా మిల్లీగ్రాము అయింది. ఒక్క అక్షరంతో వెయ్యి రెట్లు. ఇప్పుడు మీ సంచిక ప్రకారం ఆ కాలనీ నీళ్లలో సీసం పరిమితికి 400 రెట్లు ఉంది. కింద ఆమె పేరు ఉంది.

ఆ సంచిక ఏ విలేకరి చేతిలోనో పడితే ఏమవుతుందో ఊహించండి. కాలనీవాళ్లు బోర్లు కట్టేసి ట్యాంకర్లకు డబ్బు పోస్తారు. ఇల్లు అమ్ముకుని ఆడపిల్ల పెళ్లి చేద్దామనుకున్న మనిషికి కొనేవాడు దొరకడు. సీసం అంటే పిల్లల మెదడుకు చేటు అని తెలిసిన తల్లులు రక్తపరీక్షలకు పరుగెత్తుతారు. తలుపు తీసి, మోటారు వేసి, ఆమె సీసాలు నింపి ఇచ్చింది ఆ ఇళ్లవాళ్లే. సవరణ అచ్చువేయమని ఆమె మూడుసార్లు అడిగింది. ముద్రణ అయిపోయిందన్నారు. ముద్రణ అయిపోయింది కాబట్టే కదా సవరణ అడుగుతున్నది!

3. రాని ఫలితాలు

అన్నిటికన్నా మమ్మల్ని బాధించింది ఇది. మీ ఫారంలో 'ఫలితాలు, నిర్ధారణలు' అన్న గడి తప్పనిసరి. దాన్ని ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు. కానీ పోటీ పెట్టింది చదువు మధ్యలో ఉన్న విద్యార్థులకు. మాలో ఎక్కువమంది పని సగంలో ఉంది.

ఈ లేఖ రాస్తున్న నా సంగతే చెబుతాను. నగరం దాటాక మూసీ వెంబడి, నగరపు మురుగునీటితో పారా గడ్డి పెంచుతారు. గేదెల మేతకు అది నగరంలోని పాడివాళ్ల దగ్గరికి వస్తుంది. ఆ గడ్డిలో సీసం వంటి భారలోహాలు ఎంత చేరుతున్నాయన్నది నా పని. ఎండాకాలం, వానాకాలం, చలికాలం, మూడు విడతల నమూనాలు కావాలి. రెండు విడతలు అయ్యాయి. లోహాలు కొలిచే పరికరం మూడు విభాగాలకు ఒక్కటే ఉంది. దాని ముందు వరుస మన రేషను దుకాణం వరుసలాంటిది, మన వంతు వచ్చేసరికి పరికరానికి కావలసిన గ్యాస్ సిలిండర్ అయిపోతుంది. కాబట్టి నా సారాంశంలో ఉన్నది ఉన్నట్టు రాశాను: రెండు విడతల ఫలితాలు ఇవి, మూడోది ఇంకా రావాలి, అప్పటిదాకా కాలాన్ని బట్టి మార్పు గురించి ఏమీ చెప్పలేను.

సీనియర్లు రెండు దారులు చూపించారు. మొదటిది, 'ఫలితాలు వివరంగా చర్చించబడును' అని రాసి ఊరుకోవడం. మన దేశంలో ఎన్ని సమావేశ సంచికలు తిరగేసినా ఈ వాక్యం కనిపిస్తుంది. ఎవరు చర్చిస్తారో, ఎప్పుడు చర్చిస్తారో అందులో ఉండదు. రెండోది, మూడో విడత కూడా అయిపోయినట్టు అంచనాగా ఒక అంకె వేసేయడం. పోస్టర్ నాటికి అసలు అంకె వస్తుంది, రాకపోతే అడిగేవాళ్లు ఎవరు? ఈ రెండో సలహా ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. మీ ఫారం వాళ్లకు నేర్పిన విద్య అది. ఆ గడి ఖాళీని ఒప్పుకోదు, అబద్ధాన్ని ఒప్పుకుంటుంది.

పూర్తయిన పనుల్లోనే సారాంశం ఎంత దారి తప్పుతుందో లెక్కలున్నాయి. 1999లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పేరున్న ఆరు వైద్య పత్రికల వ్యాసాలను తీసుకుని, సారాంశంలోని అంకెలను లోపలి అంకెలతో పోల్చి చూశారు. పొంతన కుదరనివి, లేదా లోపల ఎక్కడా కనిపించనివి ఉన్న సారాంశాలు పత్రికను బట్టి 18 నుంచి 68 శాతం. సంపాదకులు, సమీక్షకులు ఉన్న చోటే అలా ఉంటే, పని కాకముందే నిర్ధారణ రాయమనే చోట ఎలా ఉంటుంది?

మన ఊరి ఉదాహరణే ఒకటి గుర్తుచేస్తాం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి జాడ చూశారు. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం ముందు నుంచి మీరూ వెళ్లే ఉంటారు. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆయన వ్యాసం శీర్షికకు తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని విచిత్ర వర్ణక కణాల గురించి. రెండే దోమలు. ఆ సంగతి దాచలేదు సరికదా, శీర్షికలోనే పెట్టారు. దోమ నుంచి తిరిగి శరీరంలోకి పరాన్నజీవి వెళ్లే దారి మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మీద తేల్చారు. నోబెల్ 1902లో వచ్చింది. ఆయన మీ ఫారం నింపి ఉంటే 'నిర్ధారణలు' అన్న గడి దగ్గర ఏమి రాసేవారో మాకు తోచలేదు.

సగంలో ఉన్న పనికి చోటు ఇవ్వడం ఎక్కడా లేని వింత కాదు. కొన్ని పత్రికలు ప్రశ్ననూ పద్ధతినీ మాత్రమే చూసి, ఫలితాలు రాకముందే వ్యాసాన్ని అంగీకరిస్తున్నాయి. కార్టెక్స్ అనే పత్రిక 2013లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. విద్యార్థుల పోటీకి ఇది మరీ తగినది. మా ఫలితం సీజను చేతిలో, పరికరం చేతిలో, వాన చేతిలో ఉంటుంది. మా ప్రశ్న, మా పద్ధతి మాత్రమే మా చేతిలో ఉంటాయి.

4. సరిపోలిక శాతం

సారాంశాన్ని సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించి, ఇదివరకటి రాతలతో 10 శాతం పోలిక దాటితే తిరస్కరిస్తామన్నారు. కాపీలను ఆపవలసిందే, దానిమీద మాకు పేచీ లేదు. కానీ 10 శాతం అన్నది యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో సిద్ధాంత గ్రంథాలు, పరిశోధన వ్యాసాల వంటి పెద్ద రాతలకు పెట్టిన అంకె. అదే నిబంధనల్లో, వరుసగా 14 మాటల దాకా యాదృచ్ఛికంగా కలిసినా లెక్కలోకి తీసుకోవద్దని ఉంది. 250 మాటల్లో 10 శాతం అంటే 25 మాటలు. ఒక పరికరం పేరు, ఒక ప్రామాణిక పద్ధతి పేరు, రెండు రసాయనాల పూర్తి పేర్లు రాస్తే అయిపోయాయి. మాలో ఒకరి సారాంశం తన సొంత పీహెచ్‌డీ ప్రతిపాదన అయిన సినాప్సిస్‌తో కలిసిందని తిరస్కరించారు. ఆ సినాప్సిస్‌ను శోధ్‌గంగోత్రి అనే వెబ్‌సైటులో పెట్టించింది విశ్వవిద్యాలయమే. తన మాట తానే దొంగిలించాడన్న నింద ఇంట్లో ఎలా చెప్పుకోవాలో అతనికి తెలియడం లేదు.

5. రుసుము, సంతకం, సమయం

క్లుప్తంగా చెబుతాం. నోటీసు బోర్డుకెక్కిన నాటికి తొమ్మిది రోజుల గడువు మిగిలింది. అందులో రెండు ఆదివారాలు. గైడు సంతకం స్కాన్ చేసి పెట్టాలన్నారు. ఇద్దరి గైడులు వైవాలకు (మౌఖిక పరీక్షలకు) వేరే ఊళ్లు వెళ్లారు. రుసుము 500, తిరిగి ఇవ్వరు. జేఆర్‌ఎఫ్ (పరిశోధక భృతి) వచ్చినవారికి నెలకు 37,000 వస్తాయి కాబట్టి వారికి అది లెక్క కాదు. నెట్ అర్హత పరీక్ష లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేసేవారికి 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఏ ఫెలోషిప్పూ లేకుండా, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఆ 500 వారం భోజనం.

6. ఎవరి కోసం రాస్తున్నాం?

నేను గడ్డి కోసుకొచ్చిన పొలం ఆసామి ప్రతిసారీ ఒకే ప్రశ్న అడుగుతాడు. "బిడ్డా, పోయినసారి పట్టుకుపోయిన గడ్డిలో ఏమి తేలింది?" నా దగ్గర సారాంశం ఉంది. ఫోనులోనే ఉంది. అది తీసి చదివితే ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు. నిజం చెప్పాలంటే, దాన్ని తెలుగులో చెప్పబోయి మొదటిసారి నేనే తడబడ్డాను. అప్పుడు అర్థమైంది, ఇంగ్లిషులో మూడు వాక్యాల వెనుక నాకే సరిగా తెలియని సంగతి ఒకటి దాక్కుందని. తిరిగి వచ్చి ఆ మూడు వాక్యాలు మార్చి రాశాను. నా గైడు దిద్దిన దిద్దుబాట్లన్నిటికన్నా ఆ రైతు ప్రశ్న చేసిన దిద్దుబాటే పెద్దది.

మీ నిబంధనలో 'సారాంశం ఇంగ్లిషులో మాత్రమే' అని ఉంది. పోటీకి ఇంగ్లిషు ఉండనీయండి. దాని పక్కన తెలుగులోనో ఉర్దూలోనో వంద మాటలు ఎందుకు వద్దు? ఈ నగరంలో 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పైచదువు చెప్పింది. అందుకోసం ముందే అనువాద శాఖ పెట్టి, శాస్త్రాలకు పారిభాషిక పదాలు తయారుచేయించారు. తెలుగులో కళాశాల పాఠ్యపుస్తకాల కోసం 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అంత చరిత్ర ఉన్న ఊళ్లో వంద మాటలు బరువు కాకూడదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన పోటీలో, 80,000 మాటల సిద్ధాంత గ్రంథాన్ని మూడు నిమిషాల్లో, ఒకే ఒక స్లైడుతో, మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. ఇప్పుడు అది ఎన్నో దేశాల్లో జరుగుతోంది. మన కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కూడా పరిశోధకుల చేత జనానికి అర్థమయ్యే కథనాలు రాయించే 'అవసర్' పోటీని 2018లో తెచ్చింది.

ఒక చిన్న సాంకేతిక హెచ్చరిక కూడా. తెలుగు పెట్టె పెడితే మాటలు లెక్కపెట్టండి, అక్షరాలు కాదు. మనకు ఒక్క అక్షరంగా కనిపించే 'స్త్రీ'ని కంప్యూటర్ ఆరుగా లెక్కిస్తుంది. మళ్లీ సగంలో తెగుతుంది.

మేము కోరుతున్నవి ఇవి. మొదటిది, తక్షణం జరగవలసినది: సీసం అంకెకు సవరణ పత్రం అచ్చువేసి ప్రతి సంచికలో పెట్టాలి, పోర్టల్‌లో ఉన్న ప్రతిని దిద్దాలి. ఇది పోస్టర్ ప్రదర్శన రోజు దాకా ఆగకూడదు. రెండోది, ఎంపిక కాని ప్రతి సారాంశానికీ పరిశీలకులు రెండు వాక్యాల కారణం రాసి పంపాలి. మా ఎనిమిది మందివీ కొట్టేయవలసినవే అయినా కావచ్చు. ఎందుకో తెలిస్తే వచ్చే ఏడు బాగా రాస్తాం. మూడోది, దేనికి ఎన్ని మార్కులో ప్రకటనలోనే వేయాలి, పరిశీలకుల చేతికి వెళ్లే ప్రతిలో విద్యార్థి పేరు, గైడు పేరు ఉండకూడదు. నాలుగోది, కొనసాగుతున్న పనికి వేరే విభాగం, అందులో ఫలితాల గడి ఐచ్ఛికం. ఐదోది, పోర్టల్ తెంపిన సారాంశాలను, సొంత సినాప్సిస్‌తో కలిసిందని తిప్పిపంపిన సారాంశాన్ని పూర్తి రూపంలో తీసుకుని మళ్లీ పరిశీలించాలి. అనర్హులన్న డిగ్రీ పిల్లల రుసుము వెనక్కి ఇవ్వాలి. ఆరోది, వంద మాటల తెలుగు లేదా ఉర్దూ సారం, వచ్చే ఏడు నుంచి.

ఇవేవీ డబ్బుతో పని ఉన్నవి కావు, ఆ పిల్లల రుసుము, సవరణ పత్రం ముద్రణ తప్ప. ముద్రణ ఖర్చు మీకు ఇబ్బంది అయితే చెప్పండి, చందా వేసుకుంటాం. ఈ వాక్యం ఎత్తిపొడుపు కాదు. సీసం కొలిచిన మా మిత్రురాలు ఇప్పటికే అంత మాట అంది.

పదిహేను రోజులు చూస్తాం. అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, మా మార్కుల పత్రాలు అడుగుతాం. తన జవాబు పత్రం చూసుకునే హక్కు పరీక్ష రాసినవాడికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అక్కడిదాకా వెళ్లడం మాకు ఇష్టం లేదు. మీలో కొందరు రేపు మా వైవాలకు వచ్చేవారే. ఆ భయంతోనే మాలో ముగ్గురు ఈ లేఖ మీద పేరు వద్దన్నారు, పొట్టి సంతకం పెట్టారు. అది కూడా మీరు తెలుసుకోవాలని రాస్తున్నాం.

మాట్లాడాలనుకుంటే ఏ రోజు పిలిచినా వస్తాం. వచ్చే శనివారం మాత్రం మూడో విడత గడ్డి నమూనాల కోసం మూసీ ఒడ్డుకు వెళ్తున్నాను. ఆ రోజు ఫోను ఎత్తకపోతే మన్నించండి.

ఇట్లు,
పదకొండు మంది పరిశోధక విద్యార్థుల తరఫున,
మూసీ గడ్డి మీద పనిచేస్తున్న విద్యార్థి,
హైదరాబాద్